పోస్టరు ముందు, సినిమా తర్వాత

జేమ్స్ నికల్సన్ దగ్గరికి కథ పట్టుకుని వెళ్తే పెద్దగా లాభం ఉండేది కాదు. ఆయనకు ముందు సినిమా పేరు తట్టాలి. పేరు కుదిరాక ఆల్బర్ట్ కాలిస్ అనే చిత్రకారుడి చేత పోస్టరు వేయించేవాడు. దాన్ని హాళ్ల యజమానులకు చూపించి, వాళ్లు ఊఁ అంటేనే రచయితకు కబురు వెళ్లేది. ఊఁ అనకపోతే పేరూ బొమ్మా రెండూ మూలకు చేరేవి. నష్టం ఒక అట్ట, నాలుగు రంగులు. శామ్యూల్ ఆర్కాఫ్ అనే లాయరుతో కలిసి నికల్సన్ 1954లో పెట్టిన చిన్న కంపెనీ రెండేళ్లకు అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అని పేరు మార్చుకుంది. ఊరి బయట మైదానాల్లో, కార్లలోంచి దిగకుండా సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లకు కావలసిన సరుకు చాలావరకు ఆ దుకాణం నుంచే వెళ్లింది.

సరుకు అనే మాట తెలిసే వాడుతున్నాను. వ్యాపారంలో వీటిని ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలనేవాళ్లు. పెద్ద తారలుండరు, చెప్పుకోదగ్గ సెట్లుండవు. జనం ఈ నెల దేని గురించి గుసగుసలాడుకుంటున్నారో దాన్ని పట్టుకొచ్చి పోస్టరు మీదికెక్కించడమే అసలు పెట్టుబడి. మోటారు సైకిళ్ల ముఠాలు, ఎల్‌ఎస్‌డీ మత్తు, హిప్పీలు, కర్ఫ్యూ మీద రభస, అమ్మానాన్నల మాట వినని పిల్లలు. 1966 నుంచి ఆరేడేళ్లపాటు ఇవన్నీ వాళ్లకు ముడిసరుకయ్యాయి. అప్పటి విమర్శకులు చాలామంది వీటిని చెత్త అన్నారు. చాలావరకు చెత్తే, అందులో వాదన లేదు. అయినా ఆ రోజుల్లో అమెరికా వీధి ఎలా ఉండేదో, కుర్రకారు ఎలా నడిచేదో, ఎలా విసుక్కునేదో చూడాలనిపిస్తే నేను పెద్ద స్టూడియోల సినిమాల జోలికి పోకుండా ముందు వీటినే వెతుక్కుంటాను. హాలీవుడ్ రెండేళ్లు ఆలోచించి, మూడు సార్లు కథ తిరగరాయించి తీసేసరికి ఫ్యాషన్ మారిపోయేది, కోపం చల్లారిపోయేది. వీళ్లు వేడి మీదున్నప్పుడే తీసి, వేడి మీదే ఆడించేశారు. ఆ తొందరే వీళ్ల శైలిని తయారుచేసింది.

అయితే ఆ శైలికి ఇంకో మేస్త్రీ ఉన్నాడు. సినిమా ఆడిన చోటు.

డ్రైవ్-ఇన్ కనిపెట్టినవాడు రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే న్యూజెర్సీ వ్యాపారి. ఇంటి దగ్గర కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి, చెట్లకు దుప్పటి కట్టి, దాని వెనక రేడియో పెట్టి ప్రయోగాలు చేశాడు. వాన పడితే అద్దంలోంచి బొమ్మ ఎలా కనిపిస్తుందో చూద్దామని గడ్డికి నీళ్లు చల్లే స్ప్రింక్లర్‌ను కారు మీదికి తిప్పాడట. వెనక కారుకు ముందు కారు అడ్డం రాకుండా, వరసలన్నీ వాలుగట్ల మీద ఎత్తుగా నిలబెట్టడం ఆయన కిటుకు. దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు. 1933 జూన్ 6న కామ్డెన్ దగ్గర మొదటి ఆట వేశాడు. కారుకు పాతిక సెంట్లు, మనిషికి పాతిక సెంట్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, మధ్యతరగతి జనం కార్లు కొనుక్కుని నగరాల అంచులకు తరలిపోయాక ఈ వ్యాపారం పుంజుకుంది. 1958 నాటికి అమెరికాలో దాదాపు 4,000 డ్రైవ్-ఇన్‌లు ఉండేవి.

అన్ని తెరలకు సినిమాలు ఎక్కణ్నుంచి రావాలి? 1948లో పారమౌంట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పెద్ద స్టూడియోలు సొంత హాళ్లు వదులుకోవలసి వచ్చింది. పెద్ద సినిమాతో పాటు నాలుగు చిన్న సినిమాలు మూటగట్టి అంటగట్టే పద్ధతి కూడా కుదరదంది కోర్టు. అమ్ముడుపోతుందన్న భరోసా లేనప్పుడు చిన్న సినిమా తీయడం ఎందుకని స్టూడియోలు మెల్లగా ఆ పని మానేశాయి. నికల్సన్, ఆర్కాఫ్ ఆ ఖాళీలోకి దూరారు. రెండు సినిమాలు జంటగా కట్టి ఒకే ధరకు ఇచ్చారు. డ్రైవ్-ఇన్ యజమానికి ఈ బేరం నచ్చింది. పెద్ద కంపెనీ సినిమా వేస్తే టికెట్ల డబ్బులో వాటా పోతుంది. చిన్న సినిమాకు ఇంతని అద్దె కట్టేస్తే మిగిలిందంతా తనదే. పైగా ఆయనకు అసలు లాభం క్యాంటీన్లో. రెండు సినిమాలుంటే మధ్యలో మంచి ఇంటర్వెల్ వస్తుంది, హాట్‌డాగులు, పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు అమ్ముడుపోతాయి.

ఇక ఆ మైదానంలో సినిమా చూడటం ఎలాంటిదో ఊహించుకోండి. బొమ్మ చాలా దూరం ప్రయాణం చేసి తెర మీద పడుతుంది కాబట్టి వెలుగు పలచన. ఎండాకాలంలో పొద్దు గూకేదే ఆలస్యం, మొదటి రీళ్లు నడిచేటప్పటికి ఆకాశంలో ఇంకా వెలుతురు ఉంటుంది. మధ్యలో కారు అద్దం, దాని మీద దుమ్ము. శబ్దం కిటికీకి తగిలించిన గుప్పెడంత స్పీకర్లోంచి గరగరమంటూ వస్తుంది. వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటూ ఉంటారు. పక్క కారులో ప్రేమికులకు తెరతో పనే లేదు. ఎవరో ఒకరు తినడానికి తెచ్చుకోవడానికి లేచి వెళ్తూనే ఉంటారు. ఇలాంటి ప్రేక్షకుడికి కళ్లలోంచి ఒక్క నీటిచుక్క జారే సున్నితమైన దృశ్యం చూపిస్తే ఏం లాభం? చీకటి గదిలో నీడలతో నడిపే సన్నివేశం ఆ తెర మీద నల్లటి మచ్చే.

అందుకని ఈ సినిమాలు తీసినవాళ్లకు కొన్ని కట్టుబాట్లు వాటంతటవే ఏర్పడ్డాయి. ప్రతి రీలులో ఏదో ఒకటి జరగాలి. ఒక ఛేజ్, ఒక కొట్లాట, ఒక అరుపు, ఒంటిమీద బట్ట జారే ఒక క్షణం, లేకపోతే ఒక జోకు. హాట్‌డాగు కొనుక్కుని వచ్చినవాడు రెండు నిమిషాల్లో కథలో పడాలి, అంచేత ఎవరు ఎవరికి శత్రువో సంభాషణల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. సంగీతం ముందుకొచ్చి నిలబడుతుంది. మోటారు సైకిల్ సినిమాలు అంత బాగా ఆడటానికి ఇదొక కారణమని నా అంచనా. ఎడారి రోడ్డు, మిట్టమధ్యాహ్నపు ఎండ, అడ్డంగా పరుచుకున్న వెడల్పాటి తెర, ఇంజన్ల హోరు. మసక వెలుగులో కూడా అవి పోల్చుకోవచ్చు. బండి చప్పుడుకు మంచి స్పీకరూ అక్కర్లేదు.

ఎవరి కోసం తీయాలన్నదీ లెక్కే. ఇంట్లో చిన్నవాళ్లు పెద్ద పిల్లలు చూసేది చూస్తారు కానీ పెద్ద పిల్లలు చిన్నవాళ్లది చూడరు, ఆడపిల్లలు మగపిల్లలు చూసేది చూస్తారు కానీ మగపిల్లలు ఆడపిల్లలది చూడరు, కాబట్టి పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని ఆకట్టుకుంటే అందరూ వచ్చినట్టే. ఈ కంపెనీ నడిచింది ఈ సూత్రం మీద. సూత్రంలోని మగబుద్ధి సంగతి వేరే చెప్పక్కర్లేదు. దాని ఫలితం ఎవరి మీద పడిందో తర్వాత చెబుతాను.

ఈ కట్టుబాట్లలో ఇమిడి ఎదిగినవాడు రోజర్ కోర్మన్. 1926లో డెట్రాయిట్‌లో పుట్టాడు, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగు చదివాడు. సినిమాను కూడా ఇంజినీరు కళ్లతోనే చూశాడు. ఏ వస్తువూ ఒక్కసారి వాడి పారేయకూడదు, ఏ రోజూ వృథా పోకూడదు. 1960 నాటి 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'ను వేరే సినిమా కోసం వేసి ఇంకా పీకని సెట్లో, ముఖ్యభాగమంతా రెండు రోజుల్లో తీసేశాడు. అదే ఏడాది ఎడ్గార్ ఎలన్ పో కథతో 'హౌస్ ఆఫ్ అషర్' పదిహేను రోజుల్లో తీశాడు. హాలీవుడ్ కొండల్లో అడవి తగలబడిందని తెలియగానే కెమెరా పట్టుకుని వెళ్లి ఆ బూడిదలో, మొండి చెట్ల మధ్య గుర్రం మీద హీరో వచ్చే దృశ్యం తీశాడు. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత నిజమైన శ్మశానం వేయలేడు. క్లైమాక్సులో భవనం కాలిపోవాలి. కూల్చేయబోతున్న పాత కొట్టమొకటి దొరికితే దానికి నిప్పంటించి తీశారు. ఆ మంటలు తర్వాతి పో సినిమాల్లోనూ మళ్లీ మళ్లీ మండాయి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన మనకు ఈ పొదుపు కొత్తగా అనిపించదు. చెప్పిన రోజుకి, చెప్పిన ఖర్చులో, ఉన్న సెట్టుతోనే ఇంకో లోకం చూపించడం ఆయనకీ వచ్చిన విద్యే.

1966 నాటికి కోటలూ దయ్యాలూ పాతబడ్డాయి. సముద్రపు ఒడ్డున కుర్రాళ్లు పాటలు పాడుకునే 'బీచ్ పార్టీ' తరహా సినిమాలకూ జనం పలచబడ్డారు. వియత్నాంకు కుర్రాళ్లను పంపుతున్న ఏడాది అది. ఇసుకలో గెంతుతూ పాడే పిల్లల్ని చూసి వాళ్లకే నవ్వొస్తుండాలి. ఆ సమయంలో కోర్మన్ కంట 'లైఫ్' పత్రికలో ఒక ఫోటో పడింది. హెల్స్ ఏంజెల్స్ అనే మోటారు సైకిల్ ముఠాలో ఒకడు చచ్చిపోతే, మిగతావాళ్లు బళ్ల మీద అంతిమయాత్రకు వెళ్తున్న దృశ్యం. ఆ ఫోటోలోంచి పుట్టింది 'ది వైల్డ్ ఏంజెల్స్'. అదే వేసవిలో విడుదలైపోయింది.

ఈ సినిమా తీసిన తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, తర్వాత వచ్చినవన్నీ దీని పిల్లలే. కోర్మన్ పెట్టిన మొదటి షరతు నటులు బళ్లు స్వయంగా నడపాలని. స్టూడియోలో కుర్చీ మీద కూర్చోబెట్టి వెనక తెర మీద రోడ్డు పరిగెత్తించే పాత పద్ధతి వద్దన్నాడు. హీరోగా అనుకున్నది 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి ఆస్కార్ తెచ్చుకున్న జార్జ్ చకిరిస్‌ను. ఆయనకు బండి నడపడం రాలేదు. దాంతో రెండో వేషానికి తీసుకున్న పీటర్ ఫోండా హీరో అయ్యాడు. ఒక తరానికి ముఖంగా నిలిచిన నటుడు అలా, బండి నడపడం వచ్చు కాబట్టి దొరికాడు. జూనియర్ ఆర్టిస్టులుగా అసలు హెల్స్ ఏంజెల్స్ సభ్యుల్నే, వాళ్ల బళ్లతో సహా తెచ్చుకున్నారు. వాళ్ల మాసిన జాకెట్లూ, గడ్డాలూ, నిలబడే తీరూ ఏ డైరెక్టరూ నేర్పినవి కావు. పీటర్ బోగ్డనోవిచ్ అనే కుర్ర విమర్శకుడు స్క్రిప్టు సరిదిద్దడానికి వచ్చి, రెండో యూనిట్ దర్శకుడై, చివరికి కొట్లాట దృశ్యంలో నిలబడితే ముఠావాళ్లు నిజంగానే వాయించారు.

కథ అంటూ పెద్దగా లేదు. ఒకడు చస్తాడు, వాణ్ని సొంతూరు తీసుకెళ్లి పాతిపెడతారు. చర్చిలో శవపేటిక మీద నాజీ జెండా కప్పుతారు, పాస్టర్‌ను కట్టేస్తారు, తాగి విధ్వంసం చేస్తారు. దర్శకుడు ఎక్కడా వేలెత్తి చూపడు, వెనకేసుకురాడు కూడా. స్వేచ్ఛ కావాలని అరిచే ఈ కుర్రాళ్లకు ఆ స్వేచ్ఛతో ఏం చేయాలో తెలియదని చూపించి ఊరుకుంటాడు. చివర్లో పోలీసు సైరన్లు వినబడుతుంటే అందరూ పారిపోతారు, ఫోండా మాత్రం గోతిలో మట్టి పోస్తూ నిలబడిపోతాడు. 1966లో ఏ పెద్ద స్టూడియో కూడా ఇలాంటి ముగింపును ఒప్పుకుని ఉండేది కాదు. దాదాపు మూడున్నర లక్షల డాలర్లతో తీసిన సినిమా దానికి పది రెట్లకు పైగా తెచ్చింది, వెనిస్ చిత్రోత్సవానికి ప్రారంభ చిత్రంగా వెళ్లింది. డేవీ అలెన్ గిటారు మీద వాయించిన గరగర స్వరం విడిగా రికార్డయి అమ్ముడుపోయింది. హెల్స్ ఏంజెల్స్ మాత్రం తమ పరువు తీశాడని కోర్మన్ మీద దావా వేశారు.

మరుసటి ఏడాది 'ది ట్రిప్'. విడాకుల అంచున ఉన్న ప్రకటనల దర్శకుడొకడు మొదటిసారి ఎల్‌ఎస్‌డీ తీసుకుంటే ఏమవుతుందన్నదే కథంతా. స్క్రిప్టు రాసింది జాక్ నికల్సన్. అప్పటికి ఆయన నటుడిగా పెద్దగా నిలదొక్కుకోలేదు. తెలియనిదాని గురించి తీయకూడదని కోర్మన్ ముందుగా బిగ్ సర్ అడవుల్లోకి వెళ్లి తానూ ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు. తెర మీద ఆ అనుభవాన్ని ఎలా చూపించాడన్నదే నాకు ఆసక్తి. ఖరీదైన ట్రిక్ ఫోటోగ్రఫీకి డబ్బు లేదు. రాక్ కచేరీల్లో రంగునీళ్లతో ఆడించే లైట్ షోను మనుషుల ఒంటి మీద ప్రొజెక్టర్‌తో వేశారు. లెన్సు ముందు గాజు పట్టకాలు పెట్టి ఒక బొమ్మను పదిగా చీల్చారు. లాస్ ఏంజిలస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ వీధి మీద రాత్రి నియాన్ బోర్డులు తీసి, కన్ను ఆర్పేలోపు మారిపోయేలా ముక్కలుగా కోశారు. కొన్నిచోట్ల మాత్రం పో సినిమాల అలవాటు పోనట్టు కొవ్వొత్తులు, నల్ల ముసుగుల గుర్రపు రౌతులు ప్రత్యక్షమవుతారు. నవ్వొస్తుంది. కానీ నియాన్ ముక్కల దగ్గర నవ్వు ఆగిపోతుంది. అప్పటి అవాంట్‌గార్డ్ కుర్రాళ్లు చిన్న గదుల్లో పదిమందికి చూపించిన ప్రయోగాన్ని ఇక్కడ కార్ల మైదానంలో పాప్‌కార్న్ తింటున్న జనానికి చూపించారు.

ఈ సినిమాల రెండు నాల్కల ధోరణి కూడా దీన్లోనే బాగా కనబడుతుంది. కోర్మన్ తీర్పు చెప్పకుండా వదిలేశాడని కంపెనీవాళ్లకు గుబులు పట్టింది. సినిమా ముందు మత్తుమందుల ప్రమాదం గురించి హెచ్చరిక తగిలించారు. ఆఖరి షాట్‌లో నిలిచిపోయిన ఫోండా ముఖం మీద గాజు పగిలినట్టు గీతలు గీయించారు. పోస్టరు మీద ఆశ పెట్టి, లోపల నీతి చెప్పి చేతులు దులుపుకోవడం ఈ వ్యాపారానికి 1930ల నుంచీ ఉన్న అలవాటే. బ్రిటన్ సెన్సారు మాత్రం ఆ హెచ్చరికను నమ్మలేదు, దశాబ్దాలపాటు సినిమాను రానివ్వలేదు.

తొందర ఎంతదాకా వెళ్లిందో చెప్పాలంటే 'రయట్ ఆన్ సన్‌సెట్ స్ట్రిప్' చాలు. 1966 నవంబరులో లాస్ ఏంజిలస్ కుర్రాళ్లు కర్ఫ్యూకు ఎదురుతిరిగి పోలీసులతో కలబడ్డారు. 1967 మార్చికి దాని మీద సినిమా తెర మీదుంది. సినిమాగా అది అంతంతమాత్రమే. కానీ అందులో వాయించే స్టాండెల్స్, చాక్లెట్ వాచ్‌బ్యాండ్ బృందాలను, వాళ్ల చుట్టూ చేరిన పిల్లల్ని ఆ ఏడాది ఉన్నది ఉన్నట్టు చూడొచ్చు. 'వైల్డ్ ఇన్ ద స్ట్రీట్స్' (1968) కాస్త తెలివైనది. ఓటు వయసు పద్నాలుగుకు దించి రాక్ గాయకుడొకడు దేశాధ్యక్షుడవుతాడు, ముప్పై అయిదు దాటినవాళ్లను శిబిరాల్లో పెట్టి ఎల్‌ఎస్‌డీ తాగిస్తాడు. ఈ వెటకారానికి ఎడిటింగులో ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

హంగరీ నుంచి వచ్చిన ఇద్దరు మిత్రుల సంగతి చెప్పకుండా ఈ సినిమాల రూపం గురించి మాట్లాడలేం. లాస్లో కోవాచ్, విల్మోస్ జిగ్మండ్ 1956లో బుడాపెస్ట్ తిరుగుబాటును కెమెరాలో పట్టి, ఆ ఫిల్ము దాచుకుని సరిహద్దు దాటారు. అమెరికాలో యూనియన్ కార్డు లేనివాళ్లకు దొరికింది ఈ చవక సినిమాల పనే. కోవాచ్ 'హెల్స్ ఏంజెల్స్ ఆన్ వీల్స్' (1967) తీశాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని హిప్పీల పేట హైట్-ఆష్‌బరీలో 'సైక్-అవుట్' (1968) తీశాడు. పొడుగు లెన్సు పెట్టి, ముందున్న పువ్వు మీద నుంచి వెనకున్న ముఖం మీదికి ఫోకస్ జార్చేవాడు. రెండు షాట్లు ఒక్క షాట్‌లో అయిపోయేవి, లైటింగు మళ్లీ సర్దే గంట మిగిలేది. సూర్యుడు నేరుగా లెన్సులో పడి వలయాలు వస్తే పాత కెమెరామన్లు తప్పు అని మళ్లీ తీసేవాళ్లు. వీళ్లకు మళ్లీ తీసే తీరిక లేదు, ఉంచేశారు. ఆ వలయాలే తర్వాత 'ఈజీ రైడర్' (1969)లో స్వేచ్ఛకు గుర్తుగా అందరికీ నచ్చాయి. దానికీ కెమెరా కోవాచే.

'ఈజీ రైడర్' గురించి అందరూ రాశారు కాబట్టి రెండు ముక్కలతో వదిలేస్తాను. 'ది వైల్డ్ ఏంజెల్స్' ఫోటో మీద అభిమానికి సంతకం పెడుతుంటే ఆ ఆలోచన వచ్చిందని ఫోండా చెప్పుకునేవాడు. సినిమా ముందు జేమ్స్ నికల్సన్, ఆర్కాఫ్‌ల దగ్గరికే వెళ్లింది. షెడ్యూలు తప్పితే దర్శకుడు డెనిస్ హాపర్‌ను తీసేసే హక్కు తమకుండాలన్నారు. హాపర్, ఫోండా లేచి వెళ్లిపోయారు, కొలంబియాకు అదృష్టం పట్టింది.

ఈ పద్ధతిలో తీసినవాటిలో ఒక్కటే చూడమంటే నేను చూపించేది 'టార్గెట్స్' (1968). కోర్మన్ ఆ దెబ్బలు తిన్న బోగ్డనోవిచ్‌ను పిలిచి ఒక పొడుపుకథ లాంటిది ఇచ్చాడు. ముసలి దయ్యాల నటుడు బోరిస్ కార్లాఫ్ నాకు రెండు రోజుల కాల్‌షీట్లు బాకీ ఉన్నాడు, వాడుకో. నా పాత సినిమా 'ది టెర్రర్'లోంచి కొంత ఫుటేజీ వాడుకో. మిగతాది నీ ఇష్టం. దీనికి బోగ్డనోవిచ్, ఆయన భార్య పోలీ ప్లాట్ కట్టిన లెక్క అద్భుతం. కార్లాఫ్‌ను రిటైరవాలనుకుంటున్న ముసలి దయ్యాల నటుడిగానే పెట్టారు. నా దయ్యాలకిప్పుడు ఎవడు భయపడతాడని ఆయన బెంగ. ఇంకోవైపు చక్కటి ఇల్లు, మర్యాదగల కుటుంబం, తుపాకులతో నిండిన కారు డిక్కీ ఉన్న ఒక మామూలు కుర్రాడు. ఇంట్లోవాళ్లను చంపి, నూనె ట్యాంకు మీదెక్కి, ఫ్రీవే మీద వెళ్తున్న కార్లను గురిచూసి కాలుస్తుంటాడు. 1966లో టెక్సస్ యూనివర్సిటీ టవర్ మీద నుంచి చార్లెస్ విట్‌మన్ జరిపిన కాల్పులే దీనికి ఆధారం. ఫ్రీవే దృశ్యాలు అనుమతి లేకుండానే తీశారు. సినిమాకు విడిగా నేపథ్య సంగీతం లేదు. కారు రేడియో పాట, కూల్‌డ్రింకు మూత చప్పుడు, తుపాకీ పేలుడు, అంతే.

ఆ కుర్రాడు చివరికి డ్రైవ్-ఇన్‌కు చేరతాడు. అక్కడ ఆడుతున్నది 'ది టెర్రర్', అంటే కోర్మన్ వాడుకోమన్న ఆ పాత ముక్కలే. తెర వెనక ఇనుప కమ్మీల మీదికెక్కి, తెరకున్న చిల్లులోంచి కార్లలో కూర్చున్నవాళ్లను కాల్చడం మొదలుపెడతాడు. కిటికీ స్పీకర్ల హోరులో చాలాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ సినిమాను నిజంగా డ్రైవ్-ఇన్‌లో చూసినవాడి స్థితి ఏమిటో ఆలోచించండి. బాకీ కాల్‌షీట్లు, పాత ఫుటేజీ, చవక లొకేషన్, మూడూ కలిసి ఒక దర్శకుడి చేతిలో ఇంత పదునెక్కాయి. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలు జరిగిన ఏడాదే విడుదలవడంతో జనం చూడలేకపోయారు, డబ్బు రాలేదు.

అదే ఏడాది అక్టోబరులో పిట్స్‌బర్గ్ నుంచి ఇంకోటి వచ్చింది. టీవీ ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమేరో, స్నేహితులు కలిసి లక్షా పద్నాలుగు వేల డాలర్ల దాకా పోగేసి, పల్లెలో ఒక పాడుబడ్డ ఇంట్లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీశారు. తెలుపు నలుపు కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. డబ్బు పెట్టినవాళ్లలో మాంసం వ్యాపారి ఉన్నాడు, పేగులకు కొదవలేదు. హీరో డ్వేన్ జోన్స్ నల్లజాతివాడు. పరీక్షించిన నటుల్లో బాగా చేసినవాడని తీసుకున్నారు, కథలో ఎవరూ ఆయన రంగు మాట ఎత్తరు. రాత్రంతా శవాలతో పోరాడి బతికినవాణ్ని పొద్దున్నే తుపాకుల గుంపు శవమనుకుని కాల్చేస్తుంది. ఆ తర్వాత కొక్కేలతో ఈడ్చే దృశ్యాలను కదలని ఫోటోలుగా చూపించారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల మీద దాడుల వార్తాచిత్రాలు అలవాటైన కళ్లకు అవి ఏమిటో చెప్పక్కర్లేదు. ముగింపు మార్చమన్న ఆర్కాఫ్ కంపెనీకి రొమేరో లొంగలేదు. పేరు మార్చేటప్పుడు కాపీరైటు ప్రకటన ఎగిరిపోయి సినిమా అందరి సొత్తయింది, అందుకే ఇప్పుడు ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది.

ఇంత చెప్పాక చేదు కూడా చెప్పాలి. పందొమ్మిదేళ్ల కుర్రాడి లెక్కలో ఆడవాళ్లు చాలావరకు ఎర. మోటారు సైకిల్ సినిమాల్లో అత్యాచారం ఒక అంకంలా వచ్చిపోతుంది, తీసినవాళ్లకు కంగారూ ఉండదు, సిగ్గూ ఉండదు. దర్శకుడు ఆల్ ఆడమ్సన్ 'శాటన్స్ శాడిస్ట్స్' (1969)కు మాన్సన్ ముఠా హత్యల రక్తం ఆరకముందే ఆ పేరు వాడుకుని ప్రచారం చేశారు. తొందరలో పుణ్యమూ ఉంది, పాపమూ ఉంది.

చవక సినిమాను దెబ్బతీసింది నీతిపరులు కాదు, స్టూడియోలే. 1975లో 'జాస్' వచ్చింది. సముద్రంలో రాక్షసి, చావుకు ముందు బట్టలు విప్పి ఈతకు దిగే అమ్మాయి, వేసవి విడుదల, దేశమంతా ఒకేసారి టీవీ ప్రకటనల హోరు. కోర్మన్ సరుకే, బడ్జెట్టే వేరు. దాంతో పాటు ఊళ్లు పెరిగి మైదానాల ధరలు పెరిగాయి, గడియారం ఒక గంట ముందుకు జరిపే చట్టంతో వేసవి ఆట ఇంకా ఆలస్యమైంది, ఆపైన వీడియో వచ్చింది. అమెరికన్ ఇంటర్నేషనల్ 1979లో ఫిల్మ్‌వేస్ కంపెనీలో కలిసిపోయింది. కోర్మన్ 1970లోనే న్యూ వరల్డ్ పిక్చర్స్ పెట్టుకున్నాడు. నర్సుల సినిమాలు, జైలు సినిమాలు అమ్మిన చేత్తోనే బెర్గ్‌మన్ 'క్రైస్ అండ్ విస్పర్స్'ను అమెరికాకు తెచ్చి, డ్రైవ్-ఇన్‌లలో కూడా ఆడించాడు. చావు కోసం ఎదురుచూసే స్వీడిష్ అక్కచెల్లెళ్లను కారులో కూర్చుని చూసినవాళ్లు ఏమనుకున్నారో!

కోర్మన్ దగ్గర పని నేర్చినవాళ్ల జాబితా పెద్దది. కొప్పోలా, స్కోర్సెసీ, జొనాథన్ డెమ్మీ, జో డాంటే, రాన్ హోవర్డ్, జేమ్స్ కామెరాన్. 2009లో ఆయనకిచ్చిన గౌరవ ఆస్కార్ సగం వాళ్ల పుణ్యమే. 2024లో 98 ఏళ్ల వయసులో పోయినప్పుడు పత్రికలన్నీ ఆ పేర్లే వల్లించాయి. స్టెఫానీ రోత్‌మన్ పేరు అంతగా వినబడలేదు. ఆమె తీసిన 'ది స్టూడెంట్ నర్సెస్' (1970) న్యూ వరల్డ్‌కు మొదటి విజయాల్లో ఒకటి. నర్సులుండాలి, కొంత నగ్నత్వం ఉండాలి, మిగతా కథ నీది అన్నారు. ఆ మిగతాలోకి ఆమె వీధుల్లో ఉద్యమం నడిపే మెక్సికన్ అమెరికన్ యువకుల్ని తెచ్చింది. ఆసుపత్రి కమిటీ గర్భస్రావానికి ఒప్పుకోకపోతే ఒక నర్సు స్నేహితుల సాయంతో ఇంట్లోనే చేయించుకునే దృశ్యం తెచ్చింది. అమెరికాలో ఆ హక్కు మీద సుప్రీంకోర్టు తీర్పుకు ఇంకా మూడేళ్లుంది. 'ది వెల్వెట్ వాంపైర్' (1971)లో వేటగత్తె ఆడది, తడబడి సిగ్గుపడేది మగవాడు. మగ శిష్యులు ఒక్కొక్కరే పెద్ద స్టూడియోల్లోకి వెళ్తుంటే, ఆమెకు మాత్రం చవక సినిమాలు తీసే మనిషి అన్న ముద్రే అడ్డమొచ్చింది. అదే ముద్ర స్కోర్సెసీకి అడ్డం రాలేదు. 1974లో వచ్చిన 'ది వర్కింగ్ గర్ల్స్' ఆమె ఆఖరి సినిమా. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు.